ముందు వరస కుర్చీ, సరుకుల గది తాళంచెవి

శుక్రవారం ఆ తగరపు డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఉడకబెట్టి ఎండబెట్టిన వక్కల వగరు వాసన వస్తుంది. అందులో వక్కలు పోసి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఉన్నవల్లా పాత చేతిరుమాలులో చుట్టిన హార్డ్ డిస్కు, దాని వైరు. అయినా వాసన పోలేదు. ఈ రోజు కూడా మేం నడిపే ఆన్‌లైన్ బడికి వారానికోసారి తీసే నకలు తీసి, డిస్కును రుమాలులో చుట్టబోతూ ఆగాను. రెండో చేతిలో మా పాప బడివాళ్ళు పంపిన చీటీ ఉంది. పాప ఒకటో తరగతి. బడికి సొంతంగా ఒక ఆన్‌లైన్ పాఠశాల ఉంది. చీటీలో రెండు పేర్లు, రెండు పాస్‌వర్డులు. ఒకటి నాది. దానితో లోపలికి వెళ్తే పాప ఏం చేసిందో చూడవచ్చు గానీ ఏదీ ముట్టుకోలేను. రెండోది పాపది. పొద్దున పెట్టిన లెక్కల ప్రశ్నల్లో ఐదింటికి మూడు తప్పు చేసింది. రేపటిదాకా మళ్ళీ రాయవచ్చట. పాప పేరుతో వెళ్ళి ఆ మూడూ సరిచేయడం నాకు రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు. నాకు ప్రతిదానికీ భయమే. పాపకు దగ్గు వస్తే భయం, రాకపోతే లోపల పట్టేసిందేమోనని భయం. వెనకబడిపోతుందేమోనన్న భయం అన్నిటికంటే పెద్దది. పాప నిద్రపోయింది. ఏం చేయాలో తేల్చుకునేముందు ఈ డబ్బా ఎవరిదో రాయాలనిపించింది.

ఇది మణి మేడమ్ డబ్బా. పూర్తి పేరు వసంతామణి. మేట్టుపాళయంలో వక్కల వ్యాపారం చేసే తెలుగు ఇంటి ఆడపడుచు. కోయంబత్తూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుని రిటైరయ్యారు. పొట్టిగా, నూలు చీరలో, ముక్కుమీదికి జారే కళ్ళద్దాలతో ఉండేవారు. మా వైపు తెలుగు ఇళ్ళ సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, చదివేది మాత్రం అరవం. ఇంట్లో అవ్వ చెప్పే మాట కాగితం మీద కనిపిస్తే చదవలేం. నేను డిగ్రీ చిత్తూరులో హాస్టల్లో ఉండి చదివాను కాబట్టి అక్షరాలు వచ్చాయి. పెళ్ళయి వచ్చాక, కోయంబత్తూరు నుంచి మదురై, ఆండిపట్టి దాకా ఉన్న మన ఇళ్ళ పిల్లలకు అక్షరాలు నేర్పడానికి చుట్టాలం, స్నేహితులం కలిసి ఒక ఆన్‌లైన్ బడి పెట్టుకున్నాం. పాఠాలు నావి. దాన్ని కట్టి నిలబెట్టింది మణి మేడమ్.

ఆమెను మొదట చూసిన రోజే నాకు సిగ్గు కలిగింది. మొదటి పాఠం పెట్టి రెండు రోజులైంది. పాఠం కనబడటం లేదని పిల్లల తల్లులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. నేను అందరికీ ఒకటే సమాధానం చెప్పాను. నాకు కనిపిస్తోంది, మీ ఫోన్‌లోనే ఏదో తప్పుంది అని. మేడమ్ మా ఇంటికి వచ్చి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"నీకు కనబడుతుండాదా?" అన్నారు.

"కనబడుతోంది మేడమ్. ఇదిగో."

"నీకు కనబడి ఏమి లాభం అమ్మిణీ? నీకు అక్షరాలు వచ్చునే."

అమ్మిణి అనేది కోయంబత్తూరులో చిన్నవాళ్ళను ముద్దుగా పిలిచే మాట. ఆమె ఏదో నొక్కారు. తెర ఒక్కసారిగా బోసిపోయింది. పాఠం లేదు, దిద్దే పెన్సిల్ గుర్తులు లేవు, నేను ఎంతో ముచ్చటపడి పెట్టిన బొమ్మల్లో ఒకటీ లేదు. విద్యార్థి కళ్ళతో చూస్తే నా పాఠం అలా ఉంది. నేను దాన్ని పిల్లలకు తెరవడం మరిచిపోయాను. టీచరు పాత్రలో ఉన్నదాన్ని కాబట్టి మూసిన తలుపు కూడా నాకు తెరిచినట్టే కనిపించింది. "టీచరుకు అన్నీ కనిపిస్తాయి. అదే టీచరుకు రోగం" అన్నారామె, నవ్వకుండా. ఆనాటినుంచి ఏ పాఠమైనా విద్యార్థిగా మారి ఒకసారి చూడకుండా నేను విడుదల చేయలేదు.

ఆ సాయంత్రమే ఆమె నాకు పాత్రల సంగతి చెప్పారు. అడ్మిన్ అంటే మొత్తం బడికి పెద్ద. మేనేజరు అంటే పాఠాలు, మనుషులు చూసుకునేవాడు, ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో కూడా చూస్తాడు. టీచరు తన తరగతిలో పాఠం పెట్టగలడు, తీసేయగలడు. ఇంకో రకం టీచరు పిల్లల రాతలు దిద్దగలడు గానీ పాఠాన్ని కదిలించలేడు. విద్యార్థి చదవగలడు, తన పని తాను పెట్టగలడు. నేను నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఆమె చేత్తో ఆపారు.

"ఇది రాసుకునే సంగతి కాదు. పెండ్లింట్లో చూడలేదా? పెద్దమామకు ముందు వరసలో కుర్చీ వేస్తాము. సరుకుల గది తాళంచెవి వంటమాస్టర్ మొలలో ఉంటాది. పెద్దమామకు తాళంచెవి ఇయ్యలేదని ఎవురన్నా అలిగినారా? మర్యాద మనిషికి, తాళంచెవి పనికి. ఇంతే."

అప్పుడు ఆ మాట ఎంత సులువుగా అనిపించిందో. మనవాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుంటే పెళ్ళిల్లు మరిచిపోతారని నాకు తెలియదు. నేనే మరిచిపోతానని అసలు తెలియదు.

కొన్నాళ్ళకు మేడమ్‌కు కంట్లో శుక్లం తీయించుకోవలసి వచ్చింది. పది రోజులు తెర చూడకూడదన్నారు డాక్టర్లు. ఆ పది రోజులకు నన్ను మేనేజరును చేశారు. "పని ఉంటేనే ముట్టుకో" అన్నారు, అంతకుమించి చెప్పలేదు. అప్పటికి మా పాపకు ఏడాది. నాకు రాత్రీ పగలూ తెలియని రోజులు. మేనేజరు అన్న మాట నా పేరు పక్కన చూసుకుని కాస్త పొంగిపోయిన మాట కూడా నిజం.

మూడో రోజు పెద్దమామ వచ్చారు. రంగసామి పెద్దమామ మా మామగారికి అన్న. మోటారు పంపులు తయారుచేసే పట్టరై, అంటే వర్క్‌షాపు, నలభై ఏళ్ళు నడిపినవారు. బడి పెడదామన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. తానూ అక్షరాలు నేర్చుకుంటానని చేరారు. ఆ రోజు ఊయల కుర్చీలో కూర్చుని ఫోన్ నాకు చూపించారు.

"ఏమ్మా కోడలా, ఇది ఏమి రాసి ఉండాది నా పేరు కింద?"

"స్టూడెంట్ అని ఉంది మామా."

"నా మనవరాలి పేరు కింద?"

"అదీ స్టూడెంటే మామా."

"డెబ్బై రెండేండ్లు నాకు. నేను, అది ఒకే బెంచీలో కూర్చోవాలా? మదురై సంబంధం వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? రంగసామి ఫెయిలయి మళ్ళా ఒకటో క్లాసుకు పొయినాడు అంటారు." నవ్వుతూనే అన్నారు, కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు నావైపు చూశారు. ఆ చూపు అర్థం కాని కోడలు మా ఇళ్ళలో ఉండదు. ఆయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఆయన పేరు కింద టీచర్ అని మార్చేశాను. ఆగి, మిగిలిన పెద్దవాళ్ళు ఏమనుకుంటారోనని మరో నలుగురు తాతలనూ మార్చాను. విద్యార్థి అన్న మాట పెద్దవాళ్ళకు తగదనీ, టీచర్ అంటే గౌరవంగా ఉంటుందనీ, అంతకుమించి అందులో ఏమీ లేదనీ అనుకున్నాను.

పదో రోజున ఆండిపట్టి నుంచి ఫోన్ వచ్చింది. ధరణి అనే పదేళ్ళ అమ్మాయి నాన్న. ధరణి మా బడిలో శ్రద్ధగా చదివే పిల్ల. నెలన్నర కిందట నేను పిల్లలందరికీ ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో అవ్వతో ఐదు నిమిషాలు మాట్లాడించి, రికార్డు చేసి, బడిలో పెట్టండి అని. పదమూడు మంది పెట్టారు. ధరణి అవ్వ ఆ తర్వాత నెలరోజులకే పోయింది.

"అక్కా, ఆదివారం మా అమ్మ కారియం. అందరూ వస్తుండారు. ధరణి రికార్డు చేసింది అవ్వ మాటను, అది వినిపిస్తామని చెప్పినాను. పిల్ల ఫోన్ కింద పడి పొయింది, దాంట్లో లేదు. మీ బడిలో ఉండాది కదా, తీసి పంపించండి."

కారియం అంటే పోయినవారికి చివరగా చేసే కర్మ. మధ్యలో మూడు రోజులే ఉన్నాయి. సరేనని ఫోన్ పెట్టి బడి తెరిచాను. అవ్వల పాఠం ఉండవలసిన చోట ఏమీ లేదు. పాఠమే లేదు. పదమూడు అవ్వల గొంతులూ లేవు. విద్యార్థిగా మారి చూశాను, మేనేజరుగా చూశాను, పేజీ మూసి తెరిచాను. లేదు. బిడ్డను చంకలో వేసుకుని, గాంధీపురంలో బస్సు మారి, మేట్టుపాళయం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

మేడమ్ వసారాలో పడక కుర్చీలో ఉన్నారు, కంటిమీద ఆకుపచ్చ గుడ్డతో. పక్కన గోనెల మీద వక్కలు ఎండుతున్నాయి. నేను చెప్పడం మొదలుపెట్టి ఏడ్చేశాను.

"బిడ్డను ఈడ పండబెట్టు. సరి. ఏడ్చేదానికి కంప్యూటర్‌లో బటన్ లేదు. లోపల నా కంప్యూటర్ ఉండాది, ఎత్తుకొని రా."

తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. "మొగం తిప్పుకో" అన్నారు. నేను గోడవైపు తిరిగాను. కళ్ళు మూసుకునే, వేళ్ళతో తడుముకుని, తన అడ్మిన్ పాస్‌వర్డు కొట్టారు. నాకు చురుక్కుమన్నది ఆమె గ్రహించినట్టుంది. "నమ్మకం లేక కాదు అమ్మిణీ. నీకు తెలిసిందనుకో, రేపు ఏది పోయినా నీమీద కూడా ఒక కన్ను పడతాది. నీకు ఆ బరువు ఎందుకు? నీకు బిడ్డ బరువే చాలు" అన్నారు. తర్వాత కంప్యూటర్ నాకిచ్చి, తాను వెనక్కి వాలారు. ఆ పూట నేను చూసిన దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఆమె తెర చూడలేదు. ఒక్కసారి కూడా. ఎడమపక్క నాలుగో వరస నొక్కు, కిందికి దిగు, ఇప్పుడు రెండు పెట్టెలు కనబడతాయి, కుడివైపుది వద్దు అంటూ, కళ్ళు మూసుకున్న మనిషి తన ఇంట్లో నడిచినట్టు ఆ బడిలో నడిచారు. ఎక్కడ మెట్టు ఉందో, ఎక్కడ గుమ్మం తగులుతుందో అన్నీ ఆమెకు తెలుసు.

ముందుగా చిట్టా తీయించారు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది బడి తనంతట తాను రాసుకునే జాబితా అది. చదవమన్నారు. అవ్వల పాఠం తొలగించినది రంగసామి అని ఉంది.

"పెద్దమామా?" అన్నాను.

"ఫోన్ నిండిపొయింది అని వచ్చి ఉంటాది. పెద్దవాళ్ళకు అది వస్తే చాలు, కనబడేదంతా తీసేస్తారు. తన ఫోన్‌లో మట్టుమే పోతాదనుకొని ఉంటాడు. దానికి పైన ఏమి ఉండాది?"

పైన ఉన్నది చదవడానికి నాకు కొంతసేపు పట్టింది. రంగసామికి టీచరు పాత్ర ఇచ్చినది, అని, ఆ తర్వాత నా పేరు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చిట్టా మనిషిని కొట్టేదానికి కాదు. తప్పు యాడ పుట్టిందని చూసేదానికి. చూసినాము. ఇప్పుడు చెత్తబుట్ట తియ్యి" అన్నారు. తొలగించినవి వారం రోజులు ఆ బుట్టలో ఉంటాయి. నేను పాత్ర మార్చిన నాడే పెద్దమామ తీసేశారు, అది జరిగి అప్పటికే ఎనిమిదో రోజు. బుట్ట ఖాళీగా ఉంది. ఆదివారం ఆండిపట్టిలో వాకిట్లో కూర్చోబోయే చుట్టాలందరూ, వాళ్ళ మధ్య ధరణీ నాకు కనిపించారు.

మేడమ్ చెయ్యి చాచి వక్కల సంచుల పక్కనున్న తగరపు డబ్బాను తడిమి నాకిచ్చారు. మూత తీశాను. ఆ వాసన నేను పీల్చడం అదే మొదలు. లోపల రుమాలులో డిస్కు. ప్రతి శుక్రవారం ఆమె బడి మొత్తానికి నకలు తీసి అందులో దాచేవారని మాలో ఒక్కరికీ తెలియదు. కంటికి కత్తి తగలడానికి ముందు శుక్రవారం కూడా తీశారట. నేను వెంటనే దాన్ని బడిమీద పరిచేయబోయాను. "ఆగు. అట్ల వేస్తే ఈ పది రోజులు పిల్లలు రాసింది పోతాది. ముందు ఖాళీగా ఒక తరగతి కట్టు. ఈ నకలు దాంట్లో విప్పు. సరిగా ఉండాదా అని చూసి, ఆ ఒక్క పాఠం మట్టుము ఈ పక్కకు తీసుకొనిరా" అన్నారు. ఒక గంట పట్టింది. ఆమె చెబుతూ ఉన్నారు, నేను చేస్తూ ఉన్నాను. మధ్యలో బిడ్డ లేస్తే ఆమే జోకొట్టారు, మాట ఆపకుండానే.

పదమూడూ వచ్చాయి. ధరణి అవ్వది నొక్కాను. ముందు కోడి కూత. తర్వాత గరగరమనే గొంతు. "ఆ డబ్బా దూరంగా పెట్టే, నాకేమి చెవుడా? కందులు బూడిదలో కలిపి కుండలో పోసి మూతి కట్టితే పురుగు పట్టదు. మా అత్త చెప్పింది, నేను మీ నాయనకు చెప్పినాను, వాడు వినలేదు. నువ్వన్నా విను." మేట్టుపాళయం వసారాలో మేమిద్దరం, నిద్రపోతున్న బిడ్డా, ఎప్పుడూ చూడని ఆ ఆండిపట్టి అవ్వా. మేడమ్ చేతులు రెండూ జోడించి ఒడిలో పెట్టుకున్నారు.

చివరగా విద్యార్థుల లెక్క సరిచూడమన్నారు. ఒక్కో పేరే చదువుతూ వెళ్ళాను. చివరలో వసంత అని ఉంది. ఆ పేరు నాకు తెలుసు. ఫొటో ఉండేది కాదు. రాతలు ఎప్పుడూ ఆలస్యంగా పంపేది, అక్షరాలన్నీ ఒకవైపుకు వాలిపోయేవి. "ఇన్ని వంకర్లా? పదిసార్లు రాసి పంపు" అని ఒకసారి ఎర్రగా రాశాను కూడా. పంపింది, పదిసార్లూ రాసి.

"ఈ వసంత ఎవరు మేడమ్? ఏ ఊరి పిల్లో తెలియదు."

"నేనే."

బడి మొత్తం ఆమె చేతిలో ఉంది. ఎవరి పేరైనా, ఏ పాఠమైనా ఒక్క నొక్కుతో తీసేయగల మనిషి నా దగ్గర పదిసార్లు రాసింది.

"నాకు మన అక్షరాలు రావు కదా. ఈడ నేను స్టూడెంటే. అడ్మిన్‌గా వచ్చి నేర్చుకుంటే నువ్వు వంకర్లు చెప్పి ఉంటావా?" ఆకుపచ్చ గుడ్డ కింద ఆమె నవ్వడం మొదటిసారి చూశాను. గుడ్డ సర్దుకుని, "ఆ తాతలకు ఇచ్చింది నువ్వు. తీసుకొనేది నువ్వే. వెనకనుంచి తీయవద్దు. పోయి, మొగం చూసి చెప్పి తియ్యి" అన్నారు.

పాఠం తెచ్చుకోవడం కంటే అది నాకు కష్టమైంది. మర్నాడు పొద్దున పెద్దమామ ఇంటికి వెళ్ళి, నిలబడే జరిగినదంతా చెప్పాను. నా తప్పు ముందు, ఆయనది తర్వాత. ఆయన ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి చూసుకున్నారు. "నా ఫోన్‌లో చెత్త తీసినానని అనుకున్నానమ్మా. ఆ బిడ్డ అవ్వ మాటనా తీసింది?" అని ఫోన్ బోర్లా పెట్టారు. తర్వాత అన్నారు, "నా పట్టరైలో మా అన్న వచ్చి లేత్ మీద చెయ్యి పెడితే నేనే పట్టి తీసినాను. అన్నకు కుర్చీ వేసినాను, లేత్ ఇయ్యలేదు. నాకు ఇది తెలియదా?" మళ్ళీ ఫోన్ ఎత్తి, "మీ మేడమ్ పేరు కింద ఏమి ఉండాది?" అని అడిగారు.

"మన తరగతిలో స్టూడెంట్ అని ఉంది మామా."

"సరి. ఆమె పక్కన నా పేరు వెయ్యి."

వేయనక్కరలేకపోయింది. అక్షరాల వరసలో రంగసామి కింద వసంత దానంతట అదే వచ్చింది. మిగిలిన నలుగురు తాతలకు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఆదివారం ధరణి నాన్న ఫోన్ చేసి, వాకిట్లో అందరూ విన్నారనీ, పురుగు మాట దగ్గర అందరూ నవ్వారనీ, తాను మాత్రం నవ్వలేకపోయాననీ చెప్పాడు.

మణి మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఒంట్లో బాగాలేదని తెలిసిన నాటినుంచి ఆమె ఒక్కొక్క పాత్రే విడిచిపెట్టారు. అడ్మిన్ పని నాకూ, మదురైలో ఉన్న ఇంకొకరికీ అప్పగించారు. ఏదైనా శాశ్వతంగా తొలగించాలంటే మేమిద్దరం ఒప్పుకోవాలని పెట్టించారు. ఈ డబ్బా నాకిచ్చారు. చివరికి ఆమెకు ఒక్క పాత్రే మిగిలింది. ఒత్తుల పాఠంలో ఆమె పంపిన ఆఖరి పేజీ ఇంకా అక్కడే ఉంది, సగం వరస రాసి ఆగిపోయింది. అక్షరాలు మాత్రం నిటారుగా ఉన్నాయి. రోజూ నేను కూడా ముందు నా సాదా పేరుతోనే లోపలికి వెళ్తాను. అడ్మిన్ పేరు పని పడినప్పుడే, పని అయ్యేదాకానే.

ఇది రాసి, నా పేరుతో పాప బడిలోకి వెళ్ళాను. ఐదు ప్రశ్నలూ, మూడు తప్పులూ చూశాను. తప్పు మూడుచోట్లా ఒకటే. తీసివేతలో పెద్ద అంకె ఏదో చూసుకోకుండా చేసేస్తోంది. పాపే రాసింది కాబట్టి తెలిసింది, నేను సరిచేసి ఉంటే బడికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. పొద్దున చింతగింజలు తీసుకుని పాప పక్కన కూర్చుంటాను. రాసేది తనే. అప్పటిదాకా ఉండనీ అని, పాప పాస్‌వర్డు ఉన్న చీటీని నాలుగు మడతలు పెట్టి, డిస్కు కింద పెట్టి, డబ్బా మూత వేశాను. నా వేళ్ళకు ఇంకా వక్కల వాసన ఉంది.